రెండుతో మొదలైన లెక్క

పేరు చెప్పకుండా చెయ్యి కలిపేవాడు దొంగ అని రామ్‌చందర్ ఉస్తాద్ మాట. గౌలిపుర తాలింలో, అంటే ఆయన నలభై ఏళ్లుగా కుస్తీ నేర్పుతున్న రేకుల షెడ్డులో, మట్టిలోకి దిగిన ఎవడైనా ముందు తన పేరు, తండ్రి పేరు, ఉస్తాద్ పేరు, ఉండే గల్లీ గొంతెత్తి చెప్పాలి. ఆ తర్వాతే ఎదుటివాడి చెయ్యి పట్టాలి. ఆ నియమం మట్టి కోసం పుట్టింది, కంప్యూటర్ కోసం కాదు. ఈ తేడా రాజన్నకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పారు కూడా. వినలేదంతే.

రాజన్నది గౌలిపురలో పాల కుటుంబం. పదకొండు బర్రెలు, ఒక స్కూటరు, ఇరవై తొమ్మిదేళ్ల వయసు, గోడకు కొడితే గోడే పడే ఒళ్లు. పొద్దున పాలు పితికి, ఇల్లిల్లూ తిరిగి పోసి వచ్చేసరికి పదకొండయ్యేది. మళ్ళీ మూడింటికి గాని పాలు పితికే పని లేదు. 2008లో ఆ నాలుగు గంటలూ అతను ఛత్రినాకలో ఫణి నెట్ సెంటర్‌లో గడపడం మొదలుపెట్టాడు. కుర్చీ విరుగుతుందేమోనని ఫణి అతనికోసం ఇంటినుంచి ఇనప స్టూలు తెచ్చి వేశాడు.

ఫణి తండ్రి గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు ఉద్యోగి. కొడుకుకు ఉద్యోగం రాలేదు గాని మర్యాద వచ్చింది. అందరినీ గారూ అంటాడు. అక్కడి కంప్యూటర్‌లో ఒక కొట్లాట ఆట రాజన్నకు నేర్పింది అతనే. తెరమీద ఇద్దరు మల్లులు ఎదురెదురుగా నిలబడతారు. బటన్ నొక్కగానే, లోకంలో ఆ క్షణాన ఆ ఆట ఆడుతున్నవాళ్లలోంచి నీకు సరిజోడు ఎవడో కంప్యూటరే వెతికి తెచ్చి నిలబెడుతుంది. వాడు ఏ దేశంవాడో, ముసలివాడో పడుచువాడో నీకు తెలియదు. నువ్వెవడివో వాడికి తెలియదు.

"మా ఉస్తాద్ లెక్కనే జోడీ కడ్తున్నది గదా ఇది!" అని రాజన్న మురిసిపోయాడు.

మురిసిపోయి ఊరుకున్నాడా? ప్రతి ఆటకు ముందు, తెర కింద మాటలు రాసుకునే చోట, ఒక్క వేలితో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుని కొట్టేవాడు. "నేను గౌలిపుర రాజన్న. భిక్షపతి పహిల్వాన్ కొడుకును. రామ్‌చందర్ ఉస్తాద్ చేలాను. పాలోళ్ల గల్లీ." అవతలివాడు కొరియావాడైతే ఇదేదో శాపం అనుకుని పారిపోయేవాడు.

"రాజన్న గారూ, నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకు ఎవరైనా పేరూ అడ్రసూ ఇస్తారటండీ? రేపు ఎవడైనా వెతుక్కుంటూ వస్తే?" అన్నాడు ఫణి.

"రానియ్ భాయ్. దొంగనా ఏంది నేను, దాసుకోనికి?"

ఆ ఏడు శ్రావణంలో రాజన్న జీవితంలోకెల్లా పెద్ద రోజు రానుంది. రామ్‌చందర్ ఉస్తాద్‌కు కళ్లు మసకలు కమ్మి రెండేళ్లయింది. ఒళ్లు మట్టిమీద పడిన చప్పుడు విని ఏ పట్టు పట్టారో చెప్పగలడు గాని, ఎదురుగా నిలబడినవాడి మొహం కనపడదు. నాగుల పంచమి నాడు తన ఎర్ర పాగా రాజన్న తలకు చుట్టి తాలిం అతనికి అప్పగిస్తానని మాటిచ్చాడు. పన్నెండేళ్ల వయసు నుంచీ రాజన్న కన్న కల అది. అతని తండ్రి ఆ పాగా కోసం బతుకంతా కాచుకుని, అది తలకెక్కకుండానే పోయాడు.

పాగా కట్టేముందు ఒక ఆచారం ఉంది. ఉస్తాద్ పాగా కొస ఒకటి తను పట్టుకుని, రెండోది కొత్తవాడి చేతికిచ్చి, సభను మూడుసార్లు అడుగుతాడు: ఇతని చెయ్యి పట్టినవాళ్లలో ఎవరికైనా ఫిర్యాదు ఉన్నదా? ఒక్క నోరు లేచినా పాగా తిరిగి పెట్టెలోకి పోతుంది. రాజన్న మీద లేచే నోరు తాలింలో లేదు. లేవగలిగిన నోరు ఒక్కటుంది గాని, అది మంచం మీద ఉంది. దాని సంగతి రాజన్న తలచుకునేవాడు కాదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాలవాళ్లింట్లో పుట్టి ఆ మాత్రం నేర్చుకోడా?

పాతబస్తీ బోనాలు అయిపోయిన మర్నాడు కాక ఆ మర్నాడు, పట్టపగలు పన్నెండింటికి, కంప్యూటర్ అతనికి ఒక జోడీని వెతికి తెచ్చింది. ఆ మనిషి పెట్టుకున్న పేరు 'జోడీదార్'. తాలింలో రోజూ నీతో కలిసి సాధన చేసేవాణ్ణి జోడీదార్ అంటారు. మనవాడెవడో అని రాజన్న సంబరపడ్డాడు. తన పేరూ గల్లీ కొట్టాడు. అవతలి నుంచి జవాబు లేదు.

ఆట మొదలైంది. ఆ మనిషి తొందరపడడు, అనవసరంగా చెయ్యి విసరడు. కుస్తీ తెలిసినవాడి ఓపిక అది. కానీ ఒక లోపం ఉంది. కదిలేటప్పుడు కొట్టడు, కొట్టేటప్పుడు కదలడు. రెండు నిమిషాల్లో రాజన్న అది పసిగట్టాడు. ఆ మనిషి అడుగు వేసినప్పుడల్లా మీదపడి బాదాడు. చివరికి అవతలి మల్లుడి ప్రాణం గీత సన్నటి దారమంత మిగిలింది. అప్పుడా మల్లుడు ఒకడుగు వెనక్కి వేసి, కూర్చుని లేచాడు. మళ్ళీ కూర్చుని లేచాడు. మూడోసారి కూర్చుని లేచి, చేతులు దించుకుని ఊరికే నిలబడ్డాడు.

రాజన్న ఒక్క తన్ను తన్నాడు. గెలిచాడు.

తెర కింద ఒక మాట వచ్చింది. "రెండు."

"వీనికి లెక్కలు రానట్టుంది ఫణీ! ఇప్పుడే గదా మొదటిది గెలిచిన, రెండంటున్నడు," అని రాజన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

మళ్ళీ ఆడారు. మళ్ళీ ఆ మనిషి చివర్లో మూడుసార్లు కూర్చుని లేచి నిలబడ్డాడు, మళ్ళీ రాజన్న తన్నాడు. "మూడు." ఇంకోసారి. "నాలుగు."

మర్నాడూ అతనే తగిలాడు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఓడినందుకు ఏడుపు లేదు, తిట్టు లేదు, అంకె మాత్రం వస్తుంది. ఎనిమిదో అంకె చూసేసరికి రాజన్నకు నవ్వు రావడం మానేసింది.

"లోకంల ఇన్ని కోట్ల మంది ఉండంగ నాకు వీడే ఎందుకు దొరుకుతున్నడు?" అని అడిగాడు.

"పగటిపూట ఆడేవాళ్లు తక్కువండీ. పైగా ఇది ముందు దగ్గర్లో ఉన్నవాళ్లనే చూస్తుంది," అన్నాడు ఫణి. తెర మూలన ఉన్న గీతలు వేలితో చూపించాడు. "ఇవి చూడండి. అయిదు గీతలూ పచ్చగానే ఉన్నాయి. కొరియావాడైతే ఒకటే ఎర్రగీత ఉంటుంది. బెంగళూరైనా మూడే. ఈయన ఈ ఊళ్లోనే ఉన్నాడండీ. ఇక్కడికి చాలా దగ్గర్లో."

రాజన్న తెలియకుండానే వెనక్కి తిరిగి వీధి వైపు చూశాడు. ఎండలో ఒక ఆటో నిలబడి ఉంది, డ్రైవరు నిద్రపోతున్నాడు. ఇంకెవరూ లేరు. 

మూడోరోజు ఆట మొదలెట్టకముందే కొట్టాడు. "నీ పేరేంది? ఏ తాలిం? పేరు చెప్పకుంట ఆడేది మగతనమా?"

 జవాబు ఒక్కొక్క మాటే, నెమ్మదిగా వచ్చింది. "మొదలే చెప్పిన. చెప్పినంకనే చెయ్యి కలిపిన. నువ్వు మర్చిపోయినవ్."

ఆ రోజు తొమ్మిది, పది. రెండుసార్లూ మూడేసి కూర్చోవడాలు. రెండుసార్లూ రాజన్న కాలు ఆగలేదు.

ఫణి చాలాసేపటి నుంచి వెనక నిలబడి చూస్తున్నాడు. పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తోనే ఆ ఆట కాసేపు ఆడి చూశాడు. తర్వాత అన్నాడు: "రాజన్న గారూ, ఇప్పుడు అర్థమైందండీ. కదలడానికి ఎడమ చెయ్యి కావాలి, కొట్టడానికి కుడి చెయ్యి కావాలి. ఆయన ఒకేసారి రెండూ చెయ్యలేకపోతున్నాడు. ఆయన ఒంటిచేత్తో ఆడుతున్నాడండీ. రెండో చెయ్యి లేదో, పనిచెయ్యదో."

రాజన్న తెరమీద మిగిలిన 'పది'నే చూస్తున్నాడు.

"కానీ ఆ మూడుసార్లు కూర్చుని లేవడం ఏమిటో మాత్రం తెలియట్లేదు."

రాజన్నకు తెలిసింది. 

తాలింలో ఒక పెద్ద నియమం ఉంది. పట్టులో ఇరుక్కుని ఇక ఓర్చుకోలేనివాడు మట్టిమీదో, ఎదుటివాడి ఒంటిమీదో అరచేత్తో మూడుసార్లు తడతాడు. ఆ చప్పుడు విన్నవాడెవడైనా సరే, బయట చాయ్ తాగుతున్నవాడైనా సరే, "ఛోడ్!", అంటే వదిలెయ్ అని అరవాలి. ఆ అరుపు వినగానే పట్టినవాడి చేతులు విడిపోవాలి. మొదటిరోజు నేర్పే పాఠం అది. తాలింవాళ్లు పెళ్లి భోజనాల్లో విస్తరి మీద ఎవడో మూడుసార్లు తట్టినా "ఛోడ్!" అని అరిచి నాలుక కరుచుకుంటారు.

మూడేళ్ల కిందట, బోనాల మర్నాడు సోమవారం, రాజన్నకూ అంజన్‌కూ కుస్తీ పెట్టాడు ఉస్తాద్. సంతోష్‌నగర్ చంద్రమ్మ ఒక్కగానొక్క కొడుకు అంజన్. ఎనిమిదేళ్లుగా రాజన్నకు జోడీదార్. ఒకే చెంబుతో నీళ్లు తాగినవాళ్లు. ఎవరు గెలిస్తే ముందుముందు పాగా వాళ్లది అని అందరికీ తెలుసు. ఇద్దరూ పేర్లు చెప్పుకుని చేతులు కలిపారు. సరిగ్గా రాజన్న మెడపట్టు బిగించిన వేళకు అమ్మవారి ఘటాల ఊరేగింపు గల్లీలోకి వచ్చింది. డప్పుల మోతకు రేకులు అదిరిపోతున్నాయి. జనమంతా ఒక్క క్షణం తలుపు వైపు తిరిగారు. అప్పుడు అంజన్ అరచెయ్యి రాజన్న పిక్కమీద పడింది. ఒకటి. రెండు. మూడు.

ఎవరికీ వినపడలేదు. ఎవరూ "ఛోడ్" అనలేదు. రాజన్నకు మాత్రం తెలిసింది. పిక్క తన ఒంటిదే గదా. తెలిసి కూడా, ఇంకొక్క గుక్క, పాలచెంబు దించేంతసేపు, పట్టు బిగించాడు.

అంజన్‌కు రెండు కాళ్లూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. గొంతు కూడా పోయి, మూడేళ్లుగా గాలి మాటలే. కర్మ అన్నారందరూ. మట్టి తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు అని ఉస్తాద్ ఏడ్చాడు. ఎవరైనా అడిగితే చెప్పడానికి రాజన్న ఒక జవాబు తయారు చేసి పెట్టుకున్నాడు: "డప్పులల్ల వినపడలే." మూడేళ్లలో ఎవరూ అడగలేదు. దవాఖానాకు ఒక్కసారి వెళ్లి వచ్చాడు. నోట్లో గొట్టంతో అంజన్ కళ్లు తెరుచుకుని అతన్నే చూశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అంజన్‌కు లెక్కలు బాగానే వచ్చు. ఒకటోది మట్టిలో అయిపోయింది. అందుకే రెండుతో మొదలుపెట్టాడు.

ఆ రాత్రి రాజన్న తనకు తనే ఒట్టు పెట్టుకున్నాడు. రేపు ఆ మూడు కూర్చోవడాలూ రాగానే చేతులు తీసేస్తా. వదిలేశానని చూస్తాడు. చల్లబడతాడు.

మర్నాడు అలాగే ఆడాడు. మూడోసారి కూర్చుని లేచి, అవతలి మల్లుడు చేతులు దించుకుని నిలబడ్డాడు. రాజన్న కీబోర్డు మీద చేతులు ఆపాడు. నిజంగానే ఆపాడు. ఒక్క క్షణం, రెండు క్షణాలు. తెరమీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఊపిరి పీలుస్తున్నారు. గడియారంలో అంకెలు తగ్గుతున్నాయి. అప్పుడతని కుడిచెయ్యి తనంతట తాను బటన్ నొక్కింది. పదిహేడేళ్లుగా గెలవడం ఒక్కటే నేర్పిన చెయ్యి అది. అడ్డం పడడానికి బుద్ధి వచ్చేసరికి ఆట అయిపోయింది.

"పదకొండు."

ఆ కిందనే ఇంకో మాట: "పంచమికి వస్త."

ఇనప స్టూలు వెనక్కి పడిపోయింది. "దీన్ని బంద్ చెయ్ ఫణీ! నా పేరంత తీసెయ్ దీంట్లకెల్లి!" అని అరిచాడు రాజన్న.

"తీసేస్తానండీ," అన్నాడు ఫణి బిత్తరపోయి. "కానీ ఆయనకు మీ గల్లీ కూడా తెలుసు కదండీ. రోజూ మీరే చెప్పారు."

ఎల్లుండి పంచమి. తేలు కుట్టిన దొంగ ఎవరితో మొరపెట్టుకుంటాడు? ఉస్తాద్‌తో చెబితే పాగా పోతుంది. చెప్పకపోతే అంజన్ వస్తాడు. బతిమాలదామని మర్నాడు పాలక్యాను స్కూటరుకు తగిలించుకుని సంతోష్‌నగర్ వెళ్లాడు. చంద్రమ్మ మెట్టుమీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. కిటికీ పైనుంచి నల్లటి తీగ ఒకటి లోపలికి పోయింది. లోపలినుంచి టక్కు... టక్కు... మని ఒక్క చేత్తో కీబోర్డు కొడుతున్న చప్పుడు.

చంద్రమ్మ తలెత్తింది. "రాజన్నా! ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా బిడ్డా?"

"ఇటు దిక్కు వాడిక పాలు పొయ్యాలె అమ్మా... గట్లనే..."

"లోపటికి రా. మస్తు దినాల సంది నీకోసమే చూస్తున్నడు. మా తమ్ముడు గా కంప్యూటర్ తెచ్చిచ్చినప్పటికెల్లి వానికి అదే పాణం. రాజన్నతోని ఆడుతున్ననమ్మా అని చెప్పిండు. ఎంత సంతోషమైందో నాకు."

లోపల టక్కుటక్కు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో వింటున్నారు. 

"మల్లొస్త అమ్మా," అని స్కూటరు తిప్పాడు. క్యానులో పాలు తొణికి వీధి పొడుగునా చారలు కట్టాయి.

పంచమి పొద్దున తాలిం మట్టిని తవ్వి, పసుపు, నూనె, మజ్జిగ కలిపి చదును చేశారు. ఆడవాళ్లు పుట్టలో పాలు పోయడానికి పోయారు, గల్లీలో అలికిడి లేదు. నలభై మంది మల్లులు గోడల వెంట వరసగా కూర్చున్నారు. రాజన్న తలస్నానం చేసి, లంగోటా కట్టుకుని మట్టిమధ్య నిలబడ్డాడు. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

ఆటో చప్పుడైంది. చంద్రమ్మా, ఆటో అతనూ కలిసి చక్రాల కుర్చీని గడప దాటించారు. "మా అంజన్ గూడ చూస్తనన్నడు," అని చెప్పి, ఆమె కుర్చీని మట్టి అంచు దాకా తోసి పక్కన నిలబడింది. మల్లులంతా లేచి అంజన్ భుజం తట్టి వచ్చి కూర్చున్నారు. ఒకప్పుడు తలుపంత వెడల్పున్న ఆ మనిషి ఇప్పుడు దుప్పటిలో చుట్టిన పిల్లాడంత ఉన్నాడు. కుడిచెయ్యి కుర్చీ చెక్కమీద ఉంది. కళ్లు రాజన్న మీద ఉన్నాయి. ఆ కళ్లలో కోపం లేదు. అదే భయమేసింది రాజన్నకు.

ఉస్తాద్ పాగా కొస రాజన్న చేతికిచ్చాడు. రెండో కొస తను పట్టుకున్నాడు. "రాజన్న చెయ్యి పట్టినోళ్లల్ల ఎవలకన్న ఫిర్యాద్ ఉన్నదా?"

ఎవరూ పలకలేదు. గుమ్మడికాయల దొంగలా రాజన్న ఒక్కడే భుజాలు తడుముకున్నట్టు కదిలాడు.

"ఎవలకన్న ఫిర్యాద్ ఉన్నదా?"

అంజన్ పెదవి కదల్లేదు. రాజన్న పాగా కొసను పిడికిలి బిగించి పట్టుకున్నాడు. ఇంకొక్కసారి. ఒక్క గుక్క ఓర్చుకుంటే చాలు.

"ఎవలకన్న ఫిర్యాద్ ఉన్నదా?"

 ఉస్తాద్ తల ఊపి, పాగా ఎత్తాడు. అప్పుడు అంజన్ కుడిచెయ్యి కుర్చీ చెక్కమీద లేచి పడింది. తప్. మళ్ళీ లేచింది. తప్. తప్.

"ఛోడ్!"

నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి. ఎవరూ ఆలోచించి అరవలేదు. ఆ చప్పుడు వింటే తాలింలో పెరిగిన గొంతు ఊరుకోదు. రేకులు మోగాయి. రాజన్న పిడికిలి విడిపోయింది. పాగా కొస జారి పసుపు మట్టిలో పడింది.

అరిచినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉస్తాద్ చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాడు.

"ఎవల్ రా తట్టింది?"

"మా అంజన్, ఉస్తాద్," అంది చంద్రమ్మ, ఏం తప్పు జరిగిందో తెలియక.

"కుర్చీల కూసున్నోనివి ఎందుకు తట్టినవ్ బిడ్డా? నిన్ను ఎవలు పట్టిన్రు?"

అంజన్ రాజన్ననే చూస్తున్నాడు. ఇప్పుడు డప్పులు లేవు. మూడేళ్లుగా దాచుకున్న జవాబు రాజన్న నోటిదాకా వచ్చి, ఆ నిశ్శబ్దం చూసి వెనక్కి పోయింది.

"నేను పట్టిన, ఉస్తాద్," అన్నాడు.  "ఆనాడు గూడ తట్టిండు. మూడుసార్లు. నా పిక్క మీదనే తట్టిండు. నాకు ఎరికైంది."

ఉస్తాద్ తన చేతిలో ఉన్న పాగా కొసను మెల్లగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. మట్టిలో పడిన కొస రాజన్న పాదాల మీదుగా పాకుతూ వెళ్లిపోయింది. చంద్రమ్మ చెయ్యి కొడుకు భుజం మీద బిగుసుకుంది. గోడల వెంట కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేస్తున్నారు.

అంజన్ ఎప్పుడో పోయిన గొంతుతో, గాలిలాంటి మాటతో అన్నాడు: "ఇయ్యాల ఒదిలినవ్."